సింథసైజర్ మిక్సర్ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ఈసీఈ మూడో సంవత్సరం. మాడ్యులర్ సింథసైజర్లకు స్టీరియో మిక్సర్ తయారు చేయడమే ఫైనలియర్ ప్రాజెక్టు అంటున్నాడు. అందరిలా మెషీన్ లెర్నింగ్ చెయ్యమంటే వినడు. దీనికి ఉద్యోగం వస్తుందా? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: చెయ్యనివ్వండి. మాడ్యులర్ సింథసైజర్ అంటే విడివిడి భాగాల్ని వైర్లతో కలిపి శబ్దాలు పుట్టించే ఎలక్ట్రానిక్ వాద్యం. ఆ శబ్దాల్ని కలిపి ఎడమ, కుడి స్పీకర్లకు పంపేది స్టీరియో మిక్సర్. ఇది నికార్సైన అనలాగ్ ఎలక్ట్రానిక్స్.

జర్మనీకి చెందిన డీటర్ డోప్‌ఫర్ 1990ల మధ్యలో తెచ్చిన యూరోర్యాక్ అనే మాడ్యులర్ సింథసైజర్ల పద్ధతిలో కరెంటు సప్లై ప్లస్, మైనస్ 12 వోల్టులు. ఒక్కో ఆసిలేటర్ (శబ్ద తరంగాన్ని పుట్టించే భాగం) సిగ్నలే అటూ ఇటూ 5 వోల్టులు ఊగుతుంది. ఆరు చానెళ్లు కలిస్తే 30 వోల్టులు కావాలి. సిగ్నళ్లను కలిపే ఆప్-ఆంప్ అనే చిప్ పదిన్నర వోల్టుల దగ్గరే ఆగిపోతుంది, శబ్దం పగిలిపోతుంది. ఇన్‌పుట్‌లో 100 కె (కె అంటే వెయ్యి ఓమ్‌లు), ఫీడ్‌బ్యాక్‌లో 33 కె రెసిస్టర్ పెడితే సిగ్నల్ మూడో వంతుకు తగ్గి, మొత్తం 10 వోల్టుల లోపు ఉంటుంది. మరీ తగ్గిస్తే నాయిస్ పైకొస్తుంది. "33 కె ఎందుకు?" అని ఇంటర్వ్యూలో అడిగితే లెక్కతో చెప్పగలిగే కుర్రాణ్ని ఎవరూ వదులుకోరు.

శబ్దాన్ని ఎడమ, కుడి స్పీకర్ల మధ్య జరిపే పాన్ నాబ్ కూడా అంతే. మధ్యలో ఉన్నప్పుడు రెండు వైపులా 3 డెసిబెల్స్ చొప్పున తగ్గించాలి. లేకపోతే ఎడమ నుంచి కుడికి తిప్పుతుంటే మధ్యలో శబ్దం ఉబికినట్టు వినిపిస్తుంది. ఇక వేదిక మీద చీకటి, చుట్టూ వైర్లు. మ్యూట్ బటన్ చూడకుండానే చేతికి తగలాలి, తర్వాతి చానెల్‌ను హెడ్‌ఫోన్‌లో ముందుగా వినగలగాలి. ఎనిమిది చానెళ్లు ఇరికించడం కన్నా వేళ్లు పట్టేలా నాలుగు పెట్టడమే మేలని నేనంటాను.

మన దేశంలో సింథసైజర్ కంపెనీల ఉద్యోగాలు చాలా తక్కువ, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. మొదటి ఉద్యోగం హార్డ్‌వేర్, పీసీబీ (సర్క్యూట్ బోర్డు) డిజైన్, టెస్టింగ్‌లలో వెతకాలి. చిప్‌లు తయారుచేసే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985 నుంచి బెంగళూరులో ఉంది. అనలాగ్ చిప్ డిజైన్ మీద మనసుంటే గేట్ రాసి ఎంటెక్ చేయాలి. ప్యానెల్, నాబ్‌ల అమరిక మీద ఇష్టం ఎక్కువైతే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఎండిజైన్ ఉంది. 1969లోనే మూగ్ అనే మాడ్యులర్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో నడిపిన సంస్థ అది.

సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో పరీక్షించే ఎల్‌టీస్పైస్, బోర్డు గీసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. ముందు ఒక్క చానెల్ బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా సర్క్యూట్ అమర్చే పలక) మీద కట్టి, కాలేజీ ల్యాబ్ ఆసిలోస్కోప్‌తో కొలిచి, ఆ కొలతల్ని సిమ్యులేషన్ పక్కన రాసుకోమనండి. ఆ కాగితాలు పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్తే ప్రాజెక్టుకు అనుమతి తేలిగ్గా దొరుకుతుంది.