పిల్లలకు గ్లాసెడు కల్లు పోయొచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గరి పల్లె. దసరాకు ఇంట్లో అందరూ ఈతకల్లు తాగుతరు. "చలువ చేస్తది, తాగనీ" అని మా మామ ఎనిమిదేండ్ల బాబుకూ గ్లాసులో పోస్తడు. పొద్దటి కల్లే కదా, ఏమన్నా అయితదా?

జవాబు: పోయనీయకండి. చెట్టు దిగేసరికే లొట్టిలో పులియడం మొదలై ఉంటుంది. లొట్టి సరిగా కడగకపోతే మరీ త్వరగా. సాయంత్రానికి ఆల్కహాల్ 4-5 శాతానికి చేరొచ్చు. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో 6 నుంచి 8 గ్రాములు. ఇరవై, పాతిక కిలోల ఒంటికి అది తక్కువేమీ కాదు. ఆల్కహాల్‌ను విరిచే పనిలో పడ్డ కాలేయం రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది. అన్నం తినని పిల్లవాడికి కొన్ని గంటల తర్వాతైనా చెమటలు, మగత, ఫిట్స్ రావొచ్చు. దుకాణపు కల్లయితే క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం అనే మత్తుమందులు కలిపే బెడద అదనం. రుచి చూసి అది పట్టుకోలేం.

ఇంట్లోనే అలవాటైతే పెద్దయ్యాక హద్దులో ఉంటాడన్నది ఉత్త నమ్మకం. పైగా 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 77 ప్రకారం పిల్లలకు మత్తు పానీయం ఇస్తే ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. తాత అయినా అంతే. మామకు ఈ ముక్క చెప్పి చూడండి.

ఇప్పటికే తాగి మగతగా ఉంటే పక్కకు ఒరిగించి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు. మంచి తెలివిలో ఉంటేనే చక్కెర నీళ్లు పట్టండి.