జీను కొనే ముందు

అమ్ములూ,

రేసుల్లోంచి రిటైరైన గుర్రాన్ని కొన్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మలక్‌పేట ట్రాక్ మీద పరిగెత్తిన థరోబ్రెడ్ జాతి గుర్రం మన పిల్ల చేతికి వచ్చిందంటే సంతోషం పట్టలేకపోయాను. అంతలోనే "జీను కూడా ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకుంది, పదిహేడున్నర సైజట" అన్నాడు. ఆ పదిహేడున్నర అంగుళాలు నువ్వు కూర్చునే చోటి కొలత తల్లీ. గుర్రం కొలత ఎవరు తీశారు?

ముందు ఒట్టి వీపు చూడు. చదును నేల మీద నాలుగు కాళ్ళూ సమంగా పెట్టించి, గుర్రాన్ని చూసుకునే సాయిసును తల తిన్నగా పట్టుకోమను. రెక్క ఎముక వెనక అంచు చేత్తో తడిమి సుద్దతో గీత పెట్టు. పక్కటెముకల్లో చివరిది, అంటే 18వది, పట్టుకుని దాని వెంబడే పైకి వెన్ను దాకా వేలు తీసుకెళ్ళి అక్కడ ఇంకో గీత. నీ బరువంతా ఈ రెండు గీతల మధ్యే పడాలి. జీను ముందుకు పోతే భుజం ఆడదు, వెనక్కి పోతే పక్కటెముకల ఆధారం లేని నడుము మీద పడుతుంది.

కింద వేసే ప్యాడ్ లేకుండా జీనును మూపు మీద, అంటే మెడ వీపుతో కలిసే ఎత్తు మీద, కాస్త ముందుగా పెట్టి వెనక్కి జరుపు. దానంతట అది ఆగిన చోటే దాని చోటు. ముందుకు లాగకు, వెంట్రుకలు ఎదురు తిరిగి ఒరుసుకుంటాయి. మూపుకీ జీను ముందు వంపుకీ మధ్య మూడు వేళ్ళు పట్టాలి, నువ్వు ఎక్కాక కూడా రెండు వేళ్ళ సందు మిగలాలి. జీను అడుగున రెండు దిండ్ల మధ్య పొడుగునా ఒక గాడి ఉంటుంది. వెనక నుంచి వంగి చూస్తే అందులోంచి అవతలి కొస వెలుతురు కనపడాలి. గాడి ఎక్కడా మూడు వేళ్ళకి తగ్గకూడదు. అడుగు దిండ్ల కింద అరచెయ్యి పెట్టి వెనక దాకా జరుపుతూ పో. ముందూ వెనకా బిగుతుగా ఉండి నడుమ చెయ్యి వదులుగా ఆడిందంటే, బరువంతా ఆ నాలుగు మూలల మీదే ఆనుతోందన్నమాట. ఆ జీను వద్దు.

ఇక లాయాల్లో ఎప్పటి నుంచో జరుగుతున్న తప్పు. రేసుగుర్రం మూపు ఎత్తుగా, సన్నగా ఉంటుంది. దాని వెనక రెండు పక్కలా కండ తరిగి గుంటలు పడి ఉంటాయి. లోపలి గట్టి చట్రం వెడల్పుగా ఉన్న జీను వేస్తే ముందువైపు దిగబడి మూపును తాకుతుంది. "ఏముంది, మందం ప్యాడ్ వెయ్" అంటారు. అది చాలకపోతే మడత పెట్టిన దుప్పటి. జీను లేచినట్టే కనిపిస్తుంది. పావుగంట తిరిగేసరికి ప్యాడ్ అణుగుతుంది, జీను మళ్ళీ మూపు మీదికే దిగుతుంది. ఇరుకు జీను కింద ప్యాడ్ వెయ్యడం ఇంకా అన్యాయం. ఉన్న చోటు కూడా పోయి, చట్రం కొసలు రెక్క వెనక కండలోకి గుచ్చుకుంటాయి. నొప్పికి గుర్రం వీపు దించుకుని నడుస్తుంది. వాడకం లేక ఆ కండ ఇంకా తరుగుతుంది, గుంట ఇంకా లోతవుతుంది, దాన్ని పూడ్చడానికి ఇంకో ప్యాడ్ వస్తుంది. చివరికి ఆ చోట తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. ముదురు రంగు గుర్రానికి మూపు పక్కన రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ కనిపిస్తే, అది పుట్టుమచ్చ అని ఎవరన్నా నమ్మకు.

చిన్నప్పుడు చెప్పు కరిచినా చెప్పకుండా కుంటుతూ తిరిగేదానివి, మేమే మడమ చూసి కనిపెట్టేవాళ్ళం. గుర్రం దగ్గర ఆ పని నీది. స్వారీ అయ్యాక జీను తీసి చెమట చూడు. గాడి కింద పొడిగా ఉండటం మామూలే. చుట్టూ తడిసి మధ్యలో అరచేతంత పొడిగా ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువైనట్టు, లేదా జీను అసలు ఆననట్టు. అరచెయ్యి దూర్చి చూస్తే ఈ రెంటిలో ఏదన్నది తెలుస్తుంది. జీను చూడగానే చెవులు వెనక్కి వాల్చి కొరకబోతే కసరకు. రేసుగుర్రాలకు కడుపులో పుళ్ళు కూడా ఎక్కువే, డాక్టరుకు చూపించు.

మంచి మేత, పని పడ్డాక ఆరు నెలల్లో దీని వీపు ఆకారం మారిపోతుంది. అందుకని ముందరి ఇనుప వంపు మార్చుకునే వీలున్నది, దిండ్లలో ఉన్ని కూరినది తీసుకో. ఉన్ని తీసి మళ్ళీ సర్దించవచ్చు, ఫోమ్‌తో ఆ వీలు లేదు. కొత్త ఉన్ని మొదటి కొన్ని నెలల్లోనే అణుగుతుంది, అప్పుడు జీను కుట్టేవాళ్ళకి తప్పకుండా చూపించాలి.

పొట్ట పట్టీ మోచేతికి నాలుగు వేళ్ళు వెనక. ఒక్కో రంధ్రమే బిగించు, ఐదు నిమిషాలు నడిపించి మళ్ళీ చూడు. నువ్వు కూర్చున్నాక నీ వెనక బెత్తెడు చోటు మిగలాలి.

నాకు రాత్రి నిద్ర పట్టనిది రికాబు గురించి, అదే, పాదం పెట్టే ఇనుప వలయం. గుర్రం మీంచి పడితే దెబ్బ మానుతుంది. కాలు ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. నీ బూటు వెడల్పు కంటే రికాబు ఒక అంగుళం ఎక్కువుండాలి. తక్కువైతే పాదం పట్టేస్తుంది, మరీ పెద్దదైతే పాదమంతా దూరిపోతుంది. రికాబు తోలు తగిలించే ఇనుప కడ్డీ చివర చిన్న కొక్కెం ఉంటుంది. అది ఎప్పుడూ తెరిచే ఉంచు, పడితే తోలు ఊడి వచ్చెయ్యాలి. ఆ కడ్డీకి తుప్పు పట్టనివ్వకు. మడమ ఉన్న బూట్లు లేకుండా ఎక్కావని తెలిసిందంటే నీతో మాట్లాడను, ముందే చెబుతున్నా.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. వంచితే అలాగే నిలిచే రాగి కరెంటు తీగ రెండు మూడు అడుగులు తీసుకో. రెక్క గీతకి రెండు వేళ్ళ వెనక, మూపు మీద అడ్డంగా ఒత్తు. ఆకారం చెడకుండా ఎత్తి కాగితం మీద గీయి. అక్కడికి జానెడు వెనక ఇంకోటి, జీను చివర వచ్చే చోట మూడోది. కుడి, ఎడమ రాయడం మరిచిపోకు. రెండు భుజాలు ఒకలా ఉండవు, జీను పెద్ద భుజానికి సరిపోయేది తీసుకుని చిన్న వైపు ఉన్నితో నింపించాలి. ఫొటోలో కొలత మారిపోతుంది, కాగితాలే పోస్టులో పంపు. చూశాక కాన్పూర్‌లో జీన్లు కుట్టేవాళ్ళతో నేను మాట్లాడతాను. అందాకా ఎవరికీ అడ్వాన్సు కట్టకు.

ఆశీస్సులతో,
పెదనాన్న