ఎన్నారై సందేహాలు: ఆటంతా నిలబడాలట, ఎందుకన్నయ్యా?

"అన్నయ్యా, ఈ ఆగస్టులోనే టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఎమ్మెస్‌కి చేరాను. రూమ్మేట్లు అమెరికన్ ఫుట్‌బాల్ టికెట్ కొనమంటున్నారు. నాకు ఆ ఆట ఒక్క ముక్క అర్థం కాదు. పైగా మూడు గంటలకు పైనే నిలబడాలట. డబ్బు దండగేమో?"

దండగ కాదు తమ్ముడూ. ముందు ఆ నిలబడటం గురించే చెబుతాను.

1922 జనవరి 2న డాలస్‌లో ఏ అండ్ ఎమ్ జట్టు సెంటర్ కాలేజీతో ఆడింది. అప్పట్లో సెంటర్ అంటే దేశమంతా పేరున్న జట్టు. ఏ అండ్ ఎమ్ ఆటగాళ్లు దెబ్బలు తగిలి ఒక్కొక్కరే బయటికి వచ్చేస్తుంటే, ఇక దించడానికి మనుషులు మిగలరేమోనని కోచ్ డేనా బైబిల్‌కు టెన్షన్ పట్టుకుంది. ఈ. కింగ్ గిల్ అనే విద్యార్థి అంతకుముందు జట్టులో ఉండి, బాస్కెట్‌బాల్ కోసం మానుకున్నాడు. ఆ రోజు పైన విలేఖరులు కూర్చునే ప్రెస్ బాక్స్‌లో ఉన్నాడు. కోచ్ పిలిచాడని తెలియగానే కిందికి దిగి, దెబ్బ తగిలిన ఆటగాడి బట్టలు తొడుక్కుని, ఆట అయిపోయేదాకా గీత పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. అతన్ని దించే అవసరం రాలేదు. ఏ అండ్ ఎమ్ 22-14తో గెలిచింది.

బంతి ముట్టని ఆ కుర్రాడికి ఇవాళ మీ యూనివర్సిటీ స్టేడియం కైల్ ఫీల్డ్ బయట విగ్రహం ఉంది. మైదానంలో ఆడేది పదకొండు మంది, విద్యార్థులంతా కలిసి పన్నెండో మనిషి. "పిలిస్తే నేనూ వస్తాను" అని చెప్పడానికే వాళ్లు ఆటంతా నిలబడతారు. నువ్వూ అక్కడ విద్యార్థివే కాబట్టి ఆ మాట నీకూ వర్తిస్తుంది. నాకీ కథ తెలియక మొదటి సీజనంతా రూములోనే ఉండిపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఆట అర్థం కావడానికి ఒక్క లెక్క చాలు: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. అవతలి చివరకు చేరితే ఆరు పాయింట్లు. మిగతాది పక్కనున్నవాళ్లను అడుగు, సంతోషంగా చెబుతారు. మెరూన్ రంగు చొక్కా వేసుకో. లోపలి వస్తువులు బయటికి కనిపించే ప్లాస్టిక్ బ్యాగే తీసుకెళ్లు. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం, కారు జోలికి పోకు. సెప్టెంబరు ఎండ మన రోహిణి కార్తెలాగే ఉంటుంది, నీళ్లు బాగా తాగు.

ఎదురైనవాళ్లు "హౌడీ" అని పలకరిస్తే నువ్వూ అను. మెమోరియల్ స్టూడెంట్ సెంటర్‌లోకి వెళ్లేటప్పుడు టోపీ తియ్యి, దాని చుట్టూ ఉన్న గడ్డి తొక్కకు. యుద్ధాల్లో చనిపోయిన పూర్వ విద్యార్థుల జ్ఞాపకార్థం కట్టింది అది.

ఇంకొకటి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీతో పోటీ 1894లో మొదలైంది. 2011 తర్వాత ఆగిపోయి, మళ్లీ 2024లో కైల్ ఫీల్డ్‌లోనే జరిగింది. ఒకప్పుడు ఆ ఆటకు ముందు విద్యార్థులే దుంగలు పేర్చి పెద్ద భోగిమంట వేసేవారు. 1999 నవంబరు 18 తెల్లవారుజామున, కడుతుండగానే ఆ దుంగల గోపురం కూలి 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. అదే స్థలంలో ఇప్పుడు స్మారకం ఉంది. పన్నెండు ద్వారాలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరి సొంత ఊరి దిక్కుగా నిలిపారు. ఏదో ఒక సాయంత్రం తీరిగ్గా వెళ్లు. ఇంటికి దూరంగా చదువుకుంటున్న మనకు ఆ ద్వారాల దగ్గర కాళ్లు కదలవు.

టికెట్‌కి తొందరేం లేదు. సొంత మైదానంలో ఆటకు ముందు రోజు అర్ధరాత్రి మిడ్‌నైట్ యెల్ ఉంటుంది, దానికి టికెట్ అక్కర్లేదు. వేలమంది స్టేడియంలో చేరి, నినాదాలు చెప్పించే యెల్ లీడర్ల సైగలకు ఒక్క గొంతుతో అరుస్తారు. రూమ్మేట్లతో ఒకసారి వెళ్లిరా, ఆ తర్వాత టికెట్ సంగతి తేల్చుకో.