నర్సు ట్రామా థెరపీ చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పనిచేస్తోంది. భర్త చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు, యాక్సిడెంట్ తర్వాత నిద్రపట్టని వాళ్లు, అప్పులకు ఇంటాయన ఉరేసుకున్న ఆడవాళ్లు తన దగ్గరే కూర్చుని ఏడుస్తారట. మనసుకు తగిలిన గాయాలకు చికిత్స చేసే ట్రామా థెరపీ నేర్చుకుంటానంటోంది. ఆన్‌లైన్‌లో నెల రోజుల సర్టిఫికెట్‌కి పాతికవేలు అడుగుతున్నారు. అసలు నర్సుకు ఆ అర్హత ఉంటుందా? జర్మన్ నేర్చుకుని వెళ్లమంటే వినడం లేదు. - ఓ తండ్రి, బాపట్ల జిల్లా

జవాబు: ఆ పాతికవేలు మాత్రం కట్టకండి. నెల రోజులు వీడియోలు చూసి ట్రామా థెరపిస్టు అయిపోవడం కుదరదు.

అలాగని అమ్మాయి కోరిక గాలిలో మేడేమీ కాదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మెంటల్ హెల్త్ నర్సును క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్లతో పాటు మానసిక వైద్య నిపుణుల వరసలోనే పెట్టింది. మీ అమ్మాయి క్లినిక్‌లో అందాల్సిన 12 రకాల సేవల్లో మానసిక ఆరోగ్యం కూడా ఒకటి. కాకపోతే ఏ చదువుతో ఎంతవరకు వెళ్లొచ్చన్నది తెలుసుకోవాలి.

ఇప్పుడున్న చదువుతోనే చేయగలిగింది చాలా ఉంది. మనసుకు దెబ్బ తగిలిందని చెప్పుకుంటూ క్లినిక్‌కి ఎవరూ రారు. తలనొప్పి, గుండెదడ, ఒళ్లునొప్పులు అంటారు. పిల్లాడు జడుసుకున్నాడంటారు. బీపీ చూస్తూనే "నిద్ర పడుతోందా అమ్మా, ఇంట్లో భయం లేకుండా ఉంటున్నారా?" అని అడగగల నర్సు ఊరికి పెద్ద ఆసరా. చెబితే వినాలి, చెప్పకపోతే తవ్వకూడదు. జరిగిందంతా ఒక్క సిట్టింగ్‌లో చెప్పించేసే పద్ధతి వద్దని, ఘటన జరిగిన మొదటి నెలలో డయాజెపామ్ లాంటి మత్తు మాత్రలతో నెట్టుకురావద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మన దగ్గర ఇంకా ఆ మాత్రలతోనే సరిపెడుతున్నారు, అది వేరే గొడవ. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మహిళల హెల్ప్‌లైన్ 181 నోటికి వచ్చి ఉండాలి. లైంగిక వేధింపు జరిగినట్టు తెలిసి, బాధితులు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లయితే, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. "ఎవరికీ చెప్పను" అని ముందే మాట ఇచ్చేసి ఇరుక్కోకూడదు.

దీని తర్వాతి మెట్టు, నిర్ణీత పద్ధతిలో చేసే చిన్న కౌన్సెలింగ్‌లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రచురించిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ ఐదు సెషన్లు. శిక్షణ ఇచ్చి, పైన నిపుణుల పర్యవేక్షణ ఉంచితే సైకాలజీ చదవని వాళ్లు కూడా చేయగలిగేలా రూపొందించారు. గోవా పీహెచ్‌సీల్లో స్థానిక కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో తీవ్రమైన డిప్రెషన్‌ను తగ్గించగలిగారని 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అందులో ట్రామా జ్ఞాపకాల జోలికి పోలేదన్నది గుర్తుంచుకోవాలి.

ఆ జ్ఞాపకాలతో నేరుగా పనిచేసే ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆలోచనల తీరు, ప్రవర్తన మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) సంగతి వేరు. వీటికి వారాల తరబడి సెషన్లు, శిక్షణ, పైనుంచి కేసులు చూసే సూపర్‌వైజర్ ఉండాలి. మీ అమ్మాయి కూర్చునే గది ఎలా ఉందో ఒకసారి అడగండి. తలుపు వేసుకునే వీలుంటుందా? పక్కనే ఆశా కార్యకర్త, బయట క్యూ. పొద్దున ఏడ్చిన ఆమె భర్తే సాయంత్రం షుగర్ మాత్రలకి వస్తాడు. పాత గాయాన్ని కదిపి ఆమెను మళ్లీ అదే ఇంటికి పంపితే జరిగేది చికిత్స కాదు. ఆ మనిషికి ముందు కావాల్సింది క్షేమం, అంటే హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటర్, పుట్టింటి వాళ్లు, అవసరమైతే పోలీసులు. రోజంతా ఇవే విని ఇంటికొచ్చే నర్సు మనసు సంగతి కూడా ఆలోచించాలి. సూపర్‌విజన్ పేషెంటుకు ఎంత అవసరమో ఆమెకూ అంతే.

చదువు విషయానికొస్తే, ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇన్ సైకియాట్రిక్ నర్సింగ్, లేదా రెండేళ్ల ఎమ్మెస్సీ. బీఎస్సీలో 55 శాతం, ఏడాది అనుభవం ఉంటే ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సీటొస్తే ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. ఆ వార్డుల్లో చూసే కేసులే సగం చదువు. అయితే క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదు ఉండాలి, నర్సింగ్ ఎమ్మెస్సీతో అది రాదు.

ఉద్యోగాల సంగతీ దాచను. పీహెచ్‌సీలో ట్రామా థెరపిస్టు అనే పోస్టు లేదు. ఎమ్మెస్సీ చేసినవాళ్లు చాలామంది నర్సింగ్ కాలేజీల్లో పాఠాలు చెబుతూ స్థిరపడిపోతారు. తను చేయాలనుకున్న పనికి దగ్గరగా ఉండేది జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. ఆ బృందంలో సైకియాట్రిక్ నర్సు పోస్టు ఉంటుంది.

జర్మనీ జీతానికి మంచిదే, కాదనను. కానీ అక్కడ సైకోథెరపిస్టు కావాలంటే యూనివర్సిటీలో వేరే చదువు, వేరే లైసెన్సు. ఈ దారిలో విదేశమే కావాలంటే ఇంగ్లాండ్ చూడండి. అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ నడిపే టాకింగ్ థెరపీస్‌లో సీబీటీ థెరపిస్టు శిక్షణకు మెంటల్ హెల్త్ నర్సులను తీసుకుంటారు. అక్కడ జనరల్ నర్సింగ్‌కీ మెంటల్ హెల్త్ నర్సింగ్‌కీ రిజిస్ట్రేషన్ వేరువేరు. కాబట్టి ఇక్కడ సైకియాట్రిక్ నర్సింగ్ చేసి, మానసిక వైద్య వార్డులో అనుభవం సంపాదించి వెళ్లడమే మేలు.

ఉద్యోగం మానేయమనడం లేదు. ఈలోగా జిల్లా మానసిక ఆరోగ్య బృందంలోని సైకియాట్రిస్టును కలిసి, కష్టమైన కేసులు వస్తే ఫోన్ చేయొచ్చా అని అడగమనండి. ఎంట్రన్స్‌కి చదవడం కూడా ఇప్పుడే మొదలుపెట్టమనండి.