అంకెలు వల్లిస్తాడు, లెక్క రాదు

ప్రశ్న: మా బాబుకు అయిదేళ్లు. 100 వరకు గడగడా చెబుతాడు కానీ, నాలుగు చెంచాలు తెమ్మంటే గుప్పెడు పట్టుకొస్తాడు. పుస్తకం తీస్తే పారిపోతాడు. ఏం చేయాలి?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అంకెలను వరుసగా చెప్పడం జ్ఞాపకశక్తికి సంబంధించినది, ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క అంకెను జతచేసి, చివరగా పలికిన అంకే మొత్తం సంఖ్య అని గ్రహించడం వేరే నైపుణ్యం, అది చేతులతో వస్తువులను కదిలిస్తూ ఉంటే బాగా వస్తుంది. కాబట్టి 100ను కొంతకాలం పక్కన పెట్టి, 10 లోపు సంఖ్యలతో ఆడించండి. ఇందుకు మన వామనగుంటలను మించిన పరికరం నాకు కనిపించదు: రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, గుప్పెడు చింతగింజలు ఉంటే చాలు, ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోయే పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే లెక్కించడం, పోల్చడం, ముందుగా అంచనా వేయడం మొదలుపెడతాడు. (ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే గింజలు నోట్లో పెట్టుకోకుండా చూడండి.) బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు వరుసలను ఒకటి విడిచి ఒకటి అతని చేతనే పెట్టించండి, క్రమాన్ని గుర్తించడం కూడా గణితమే.

చదువు విషయంలో అక్షరమాల మొత్తం పూర్తయ్యాకే మాటలు నేర్పాలన్న పట్టుదల అనవసరం. అతని పేరులోని అక్షరాలతో మొదలుపెట్టి, అవే బస్సు బోర్డు మీద, దుకాణం పేరులో ఎక్కడున్నాయో వెతకమనండి. రాత్రి కథ చదివేటప్పుడు వేలితో పంక్తి వెంబడి చూపండి, కానీ మధ్యలో పరీక్షలు పెట్టకండి. విసుగు కనిపించిన వెంటనే ఆపేయండి.