వస్త్రకళ బోధిస్తానంటున్న అమ్మాయి, బొటిక్ పెట్టించమంటున్న బంధువులు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేస్తోంది. అద్దకం, అచ్చు పనులతో ప్రయోగాత్మక వస్త్రకళ నేర్చుకుని, దానినే బోధిస్తానంటోంది. బంధువులేమో ఏడాది ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమా చేయించి బొటిక్ పెట్టించమంటున్నారు. ఏది మేలు?
ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: మీరు ఏది మేలని అడిగారు గానీ, ఎంపీసీ చదివిన పిల్ల రంగు తొట్ల దగ్గర నిలబడితే నలుగురికీ ఏం చెప్పుకోవాలన్న దిగులే మీ పూర్తి ఉత్తరమంతా కనిపిస్తోంది. ఆ రెండేళ్ల చదువు వృథా కాదు. కరక్కాయ నీటిలో నానిన గుడ్డకు ఇనుము తగిలితే నలుపు ఎందుకు వస్తుందో, నీలిమందు తొట్టిలోంచి ఆకుపచ్చగా బయటికి వచ్చిన నూలు గాలి సోకగానే నీలంగా ఎందుకు మారుతుందో, నూలుతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ రంగులకు సోడా యాష్ అనే క్షారం ఎందుకు కలపాలో విద్యార్థులకు వివరించవలసిన ఉపాధ్యాయురాలికి రసాయనశాస్త్రం ఎంతో అక్కరకొస్తుంది.

బొటిక్ నడవడానికి పెట్టుబడి, బేరం తెలిసిన మనిషి, చేయి తిరిగిన దర్జీ కావాలి. ఏడాది డిప్లొమా వీటిలో దేనినీ ఇవ్వదు. నా అసలు అనుమానం మరో దారి మీద ఉంది. నగరంలోని కెఫేలలో వారాంతాల్లో జరిగే టై అండ్ డై, పూల అచ్చుల వర్క్‌షాప్‌లను చూసి, కొద్ది నెలల శిక్షణతోనే తామూ నేర్పవచ్చని చాలామంది పిల్లలు అనుకుంటున్నారు. సరదాగా ఒక పూట రంగులతో గడపడాన్ని నేను తప్పుపట్టను, కానీ దానిని బోధన అనడానికి మనసొప్పదు. రంగును గుడ్డకు పట్టించే పటికను ఎంత వేయాలో, వేయకపోతే పూలరంగు ఉతుకుల్లో ఎందుకు వెలిసిపోతుందో చెప్పలేనివారు, రంగుపొడి ఊపిరిలోకి పోకుండా మాస్కు పెట్టుకోవాలని, వంటగిన్నెలను అద్దకానికి వాడకూడదని హెచ్చరించనివారు కూడా అక్కడ గురువులుగా చెలామణి అవుతున్నారు. ఆదాయమూ నిలకడగా ఉండదు.

ఒక మాట కటువుగానే చెబుతాను. ఆ ఉత్తరంలో ఫీజుల గురించి, బంధువుల అభిప్రాయాల గురించి అంత వివరంగా రాసిన మీరు, అమ్మాయి ఇప్పటివరకు అద్దిన గుడ్డ ఒక్కటైనా ఎలా ఉందో రాయలేదు. బహుశా చూసి ఉండరు. ఆమె పని చూడకుండానే ఆమె భవిష్యత్తుపై బంధువుల చేత తీర్పు చెప్పించడం న్యాయం కాదు.

ఇక చదువు సంగతి. మాదాపూర్‌లోని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌లో ఉన్న నాలుగేళ్ల టెక్స్‌టైల్ డిజైన్ కోర్సు ప్రధానంగా పరిశ్రమ వైపు తీసుకెళ్తుంది. లలితకళల డిగ్రీ అయిన బీఎఫ్‌ఏ చదివి, ఆపై శాంతినికేతన్ కళాభవన్ వంటి చోట పీజీ చేస్తే కళాకారిణిగా ఎదిగే వీలు ఎక్కువ. బోధనే లక్ష్యమైతే నేను రెండవదాని వైపే మొగ్గుతాను, అయితే మొదటిది చదివినా తలుపులు మూసుకుపోవు. కళాశాలలో సహాయ ఆచార్యురాలు కావాలంటే సాధారణంగా 55 శాతం మార్కులతో పీజీ, దానితోపాటు అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ (జాతీయ స్థాయి) లేదా సెట్ (రాష్ట్ర స్థాయి) అవసరం. పాఠశాలల విషయానికొస్తే, పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పాఠ్యక్రమమైన కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్‌ఈలోని ఆర్ట్ అండ్ డిజైన్‌లో వస్త్రకళ కూడా ఒక విభాగమే కాబట్టి, ఆ పాఠ్యక్రమం ఉన్న పాఠశాలల్లో ప్రయత్నించవచ్చు. వస్త్రకళకు మాత్రమే కేటాయించిన పోస్టులు తక్కువ. చాలామంది డ్రాయింగ్ టీచరుగా చేరి, క్రమంగా అద్దకాన్ని తరగతిలోకి తెచ్చుకుంటారు. మొదటి కొన్నేళ్లు జీతం చిన్నదే అయినా, పనితనం చేతిలో ఉన్నవారు ఖాళీగా కూర్చోవడం నేను అరుదుగా చూశాను.

డబ్బు కట్టే ముందు అమ్మాయిని, నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాళ్లకు పేరొందిన చేనేత గ్రామం పుట్టపాకకు తీసుకెళ్లండి. విజయవాడ రహదారి మీదుగా వెళితే ఒక్క రోజులో తిరిగి రావచ్చు. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికే పద్ధతి గురించి నేతగాళ్లనే అడిగి తెలుసుకోనివ్వండి. ఆ శ్రమ తెలిశాక కూడా ఆమె అదే మాట మీద ఉంటే దరఖాస్తు నింపించండి. వెనక్కి తగ్గితే ఎంపీసీ మార్కులు ఎలాగూ ఉన్నాయి.