బేస్‌బాల్ యాత్రకు 401(కె) రుణమా?

ప్రశ్న: మేము షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉంటున్నాము. నేను హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను, నా భార్యకు పని అనుమతి లేదు. పదేళ్ల మా అబ్బాయికి షికాగో బేస్‌బాల్ జట్టు కబ్స్ అంటే ప్రాణం. వాడినీ, ఆరేళ్ల పాపనూ తీసుకొని 2027 మార్చి సెలవుల్లో ఆరిజోనాలో, సీజన్‌కు ముందు జట్లు ఆడే స్ప్రింగ్ ట్రైనింగ్ ఆటలు చూసి రావాలనుకుంటున్నాము. విమానానికి 1,600, ఆరు రాత్రుల హోటల్‌కు 1,900, అద్దె కారుకు 600, అయిదు ఆటల టికెట్లకు 800, భోజనం తదితరాలకు 700, వెరసి 5,600 డాలర్లు అవుతుంది. బ్యాంకులో ఉన్న 7,000 డాలర్లను కదపడం ఇష్టం లేదు. మా నెల ఖర్చు 5,900, నెలకు 950 వరకు మిగులుతుంది. కంపెనీ ద్వారా రిటైర్మెంట్ కోసం దాచే 401(కె) ఖాతాలో 62,000 ఉన్నాయి. అందులోంచి 5,600 రుణం తీసుకుంటే కట్టే వడ్డీ కూడా నాకే చేరుతుంది కదా, ఇందులో నష్టమేముంది?

జవాబు: మీ ప్రశ్నకు ఇక్కడే జవాబివ్వడానికి కారణం ఉంది. ‘వడ్డీ నాకే చేరుతుంది’ అన్న మాట ప్రతి ఏటా ఏదో ఒక సెలవుల యాత్ర పేరు చెప్పి ఎవరో ఒకరు నాతో అంటూనే ఉన్నారు. అన్నవారిలో ఎక్కువమంది మీలాగే వీసా మీద ఉన్నవారు, ఒకే జీతం మీద నలుగురిని పోషిస్తున్నవారు.

ఉద్యోగం ఉన్నంతకాలం ఆ లెక్క పైకి బాగానే కనిపిస్తుంది, వాయిదా జీతంలోంచే కోసుకుంటారు కాబట్టి భారం కూడా తెలియదు. ఉద్యోగం పోయినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. సాధారణంగా అప్పుడు మిగిలిన బాకీ అంతా ఒకేసారి తేలాలి. ఆ ఏటి పన్ను రిటర్ను దాఖలు చేసే గడువులోగా మీరు ఆ మొత్తాన్ని సర్దలేకపోతే దాన్ని మీ ఆదాయంగా లెక్కించి పన్ను వేస్తారు, మీ వయసువారికి దాని మీద పది శాతం జరిమానా కూడా పడుతుంది. చేతిలో జీతం లేని సంవత్సరంలోనే ఈ పన్ను వచ్చి పడుతుందన్నది రుణం తీసుకునేటప్పుడు ఎవరూ ఆలోచించరు.

ఇక మీ 7,000 డాలర్ల సంగతి. దాన్ని కదపకూడదన్న మీ ఆలోచన సరైనదే కాని, అది చాలినంత అత్యవసర నిధి అనుకోవడం పొరపాటు. నెలకు 5,900 ఖర్చయ్యే ఇంట్లో ఆ డబ్బు 36 రోజులకు సరిపోతుంది. హెచ్-1బి ఉద్యోగం పోతే మరో యజమానిని వెతుక్కోవడానికి మీకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. అమెరికాలో ఎప్పటివరకు ఉండవచ్చో చూపే ఐ-94 పత్రం గడువు అంతకంటే ముందే ముగిస్తే ఆ రోజుల వరకే. అంటే గడువు ఇంకా 24 రోజులు మిగిలి ఉండగానే మీ ఇంట్లో డబ్బు అయిపోతుంది. ఆ పైన యజమాని వాటాతో సహా మొత్తం ప్రీమియం మీరే కట్టుకొని పాత కంపెనీ బీమానే కొనసాగించుకునే కోబ్రా ఆరోగ్య బీమా, లీజు మధ్యలో వదిలితే అయ్యే ఖర్చు, అవసరమైతే నలుగురికి హైదరాబాద్ టికెట్లు ఉంటాయి. వీసా అవసరం లేని పౌరుడికి మూడు నెలల నిధి చాలని కొందరు సలహాదారులు అంటారు. మీకు మాత్రం ఆరు నెలలకు తక్కువ చెప్పడానికి నాకు మనసొప్పదు. అది 35,400 డాలర్లు. అంకె చూసి నిరుత్సాహపడవద్దు, ముందు మూడు నెలల మొత్తం 17,700ను మొదటి మజిలీగా పెట్టుకోండి. ఇంకా కావలసింది 10,700, నెలకు 950 చొప్పున ఏడాదిలో చేరుతుంది.

యాత్ర గురించి మీరు గమనించని సంగతి మరొకటి ఉంది. ఆటగాళ్ల సంఘానికీ జట్ల యజమానులకూ మధ్య ఉన్న ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1. ఇంతకు ముందు ఒప్పందం 2021 డిసెంబర్ 1న ముగియగానే మరుసటి రోజు యజమానులు లాకౌట్ ప్రకటించి ఆటగాళ్లను బయట పెట్టారు, అది 99 రోజులు సాగి 2022 మార్చి 10న తేలింది, ఆ ఏడు స్ప్రింగ్ ట్రైనింగ్ ఆటలు మార్చి మధ్య దాటాకే మొదలయ్యాయి. 2020లో కోవిడ్ వల్ల మార్చి 12న మిగిలిన ఆటలన్నీ ఆపేశారు. ఆ 2020 మార్చినే ఒకసారి గుర్తు చేసుకోండి: మైదానాలు మూతపడిన వారాల్లోనే ఉద్యోగాలు కూడా పోయాయి. యాత్రను రద్దు చేసే ఉపద్రవమే జీతాన్నీ ఆపగలదు, అప్పును మాత్రం ఏదీ రద్దు చేయదు. రుణం తీసుకొని, డబ్బు తిరిగి రాని టికెట్లు కొని, 2027 మార్చి కోసం ఎదురుచూడడం నా దృష్టిలో రెండు పందేలు ఒకేసారి కాయడం.

టికెట్టు చవక కాబట్టి యాత్ర చవక అని మీరు అనుకున్నట్టు ఉన్నారు. మీ 5,600లో ఆటల టికెట్లు ఏడో వంతు మాత్రమే, మిగతాదంతా అక్కడికి చేరి, ఉండి, తినడానికి. పైగా అయిదు ఆటలు చూస్తే అయిదింతల ఆనందం ఏమీ రాదు. ఇవి ఫలితం లెక్కకు రాని సన్నాహక ఆటలు, పేరున్న ఆటగాళ్లు కొన్ని ఇన్నింగ్స్ ఆడి వెళ్లిపోతారు, ఒక్కోరోజు జట్టును రెండుగా చీల్చి రెండు చోట్ల ఆడిస్తారు. ఆరిజోనాలో స్ప్రింగ్ ట్రైనింగ్ ఆడే కాక్టస్ లీగ్‌లోని పదిహేను జట్లూ ఫీనిక్స్ చుట్టుపక్కల పది మైదానాల్లోనే ఆడతాయి కనుక మూడు రాత్రులు ఉండి, మేసాలోని కబ్స్ మైదానం స్లోన్ పార్క్‌లో ఒకటి, దగ్గరలో మరొకటి చూస్తే మీ అబ్బాయి కోరిక తీరుతుంది. మీ ధరలతోనే లెక్క వేస్తే విమానం 1,600, హోటల్ 950, కారు 300, టికెట్లు 320, తిండి 350, అంతా కలిపి 3,520 అవుతుంది. పచ్చిక మీద కూర్చునే టికెట్లు తీసుకుంటే ఇంకా తగ్గుతుంది, పిల్లలకు నిజానికి అదే ఇష్టం.

మొదటి మజిలీ చేరాక నెలకు 700 నిధికి, 250 యాత్రకు పంచండి. 2029 మార్చి నాటికి ఈ 3,520 వడ్డీ లేకుండా చేతికొస్తుంది, అప్పటికి మీ అబ్బాయికి పన్నెండు పదమూడేళ్లు. అంతవరకు వేసవిలో ఇల్లినాయ్‌లోని జెనీవాలో కేన్ కౌంటీ కూగర్స్ అనే స్థానిక బేస్‌బాల్ జట్టు ఆటలకు తీసుకెళ్లండి, మీ ఇంటికి దగ్గరే, హోటల్ ఖర్చు ఉండదు.

సున్నా వడ్డీ అని ఆశపెట్టే కార్డు వాయిదాల గురించి మీరు అడగలేదు, అడగకుండానే చెబుతున్నాను: వద్దు. కంపెనీ ఇచ్చే జీవిత బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి మీ పేరు మీద విడిగా టర్మ్ పాలసీ తీసుకోండి. 401(కె) రుణానికి దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే, డబ్బు చేతికి రాకముందే ప్లాన్ నిర్వహిస్తున్న సంస్థకు ఫోన్ చేసి రద్దు చేయించండి.